గుర్రుమంటోంది గానీ తిరగట్లేదు!

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మోటార్ల గురించే. కొందరు ప్రోగ్రామ్ కూడా జత చేశారు. చూశాం. ఒక్కటి తప్ప మిగతావన్నీ శుభ్రంగా ఉన్నాయి. తేడా అంతా కరెంటు దగ్గరే ఉంది. అందుకే ఈసారి జవాబుల్లో ప్రోగ్రామ్ కంటే మల్టీమీటర్ మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

ప్రశ్న: ఆర్డుయినో ఊనో (ప్రోగ్రామ్‌తో నడిచే చిన్న కంట్రోల్ బోర్డు), ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డు (మోటార్లకు కరెంటు అందించేది), పసుపు రంగు గేర్ మోటార్లు నాలుగు పెట్టి బ్లూటూత్ కారు చేశాను. 9 వోల్టుల బ్యాటరీ కొత్తదే. కారు ఎత్తి పట్టుకుంటే చక్రాలు తిరుగుతున్నాయి. నేల మీద పెడితే గుర్రుమని ఆగిపోతున్నాయి, బ్లూటూత్ కూడా తెగిపోతోంది. డ్రైవర్ బోర్డు పోయిందంటారా?
- ఇంటర్ విద్యార్థి, బొబ్బిలి

జవాబు: బోర్డు పోలేదు, బ్యాటరీకి సత్తువ చాలట్లేదు. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ రేంజ్‌లో పెట్టి, రెండు ప్రోబులూ బ్యాటరీ టెర్మినళ్ల మీదే ఆనించండి. ఇంకొకరిని కారు నడపమని, తిరిగే చక్రాన్ని ఒక్క క్షణం చేత్తో ఆపండి. 9 దగ్గరున్న అంకె 6కో 5కో జారిపోతుంది. చెయ్యి తీయగానే మళ్లీ లేస్తుంది. మీ జబ్బంతా ఆ జారుడులోనే ఉంది.

ఆ చిన్న పలక బ్యాటరీ మల్టీమీటర్ లాంటి కొద్దిపాటి కరెంటు వాడే వాటి కోసం చేసింది. దాని లోపలి నిరోధమే ఒకటి రెండు ఓంలు ఉంటుంది. అంటే ఒక ఆంపియర్ లాగితే ఒకటి రెండు వోల్టులు లోపలే పోతాయి. పసుపు మోటారు ఖాళీగా తిరిగితే సుమారు 150-200 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. చక్రం బిగుసుకుంటే దాదాపు ఆంపియర్ లాగేస్తుంది. కదలబోయే క్షణంలో ప్రతి మోటారూ బిగుసుకున్న మోటారుతో సమానం. నాలుగూ ఒకేసారి లాగితే వోల్టేజి కుప్పకూలుతుంది, ఆర్డుయినో రీసెట్ అవుతుంది, బ్లూటూత్ తెగుతుంది.

రెండో దెబ్బ ఎల్298ఎన్‌ది. అది పాతకాలపు ట్రాన్సిస్టర్ల చిప్. ఒక ఆంపియర్ దగ్గర దాదాపు 2 వోల్టులు తనే మింగి వేడిగా మార్చేస్తుంది. 6 వోల్టులిస్తే మోటారుకు చేరేది 4.

18650 లిథియం సెల్స్ రెండు హోల్డర్‌లో వరుసగా పెట్టండి. 7.4 వోల్టులు వస్తుంది, డ్రైవర్ మింగింది పోను మోటారుకు 5 పైచిలుకు మిగులుతుంది, పసుపు మోటారుకు అది చక్కగా సరిపోతుంది. సెల్స్ మీద నేరుగా సాల్డరింగ్ చేయొద్దు. టీపీ4056 చార్జింగ్ బోర్డు ఒక్క సెల్‌కే పనికొస్తుంది, వరుసలో ఉన్న రెంటికీ కలిపి పెట్టకూడదు. విడిగా తీసి చార్జ్ చేయండి. సెల్ 3 వోల్టులకు దిగేలోపే ఆపేయండి.

కొత్తగా కొనేటట్టయితే ఎల్298ఎన్ జోలికే పోవద్దని మా సలహా. టీబీ6612 బోర్డు గోరంత ఉంటుంది, మాస్‌ఫెట్లతో (కొత్త రకం ట్రాన్సిస్టర్లు) చేసింది కాబట్టి వోల్టేజి పెద్దగా మింగదు, ఒక్కో చానల్ 1.2 ఆంపియర్లు నిలకడగా ఇస్తుంది. రెండు మోటార్ల కారుకు అదే మేలు. మీలా పక్కకు రెండేసి కలిపితే మాత్రం చక్రాలు బిగుసుకున్నప్పుడు దానికి భారమే. దాని మీద ఎస్‌టీబీవై అనే పిన్‌ను 5 వోల్టులకు కలపడం మరిచిపోతే ఏ మోటారూ తిరగదు. "కొత్త బోర్డు పని చేయట్లేదు" అని వచ్చే ఉత్తరాలకు సగం కారణం ఇదే. ఏ డ్రైవర్ పెట్టినా ఆర్డుయినో గ్రౌండ్ (మైనస్), బ్యాటరీ గ్రౌండ్ కలిసే ఉండాలి.

ప్రశ్న: మగ్గానికి కండెలు చుట్టడానికి 12 వోల్టుల మోటారు పెట్టాను. వేగం తగ్గించడానికి ఆర్డుయినోతో ఐఆర్‌ఎఫ్540 మాస్‌ఫెట్ వాడాను. అది చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. నిన్న ఉన్నట్టుండి మోటారు పూర్తి వేగం అందుకుంది, నాబ్ తిప్పినా తగ్గలేదు, దారమంతా చిక్కుపడింది.
- ఒక పాఠకుడు, పొందూరు

జవాబు: ముందు జాగ్రత్త మాట. మాస్‌ఫెట్ కాలిపోతే చాలాసార్లు లోపల షార్ట్ అయిపోతుంది, అంటే మోటారు ఆగదు, పూర్తి వేగం అందుకుంటుంది. కాబట్టి సప్లై ప్లస్ తీగలో చేతికందేచోట ఒక స్విచ్, దాని పక్కనే 5 ఆంపియర్ల ఫ్యూజ్ తప్పనిసరి. దారం పట్టుకున్న వేలు అక్కడే ఉంటుంది మరి.

ఎందుకు కాలింది? ఐఆర్‌ఎఫ్540 పూర్తిగా తెరుచుకోవాలంటే గేట్‌కు (దాన్ని తెరిచే కాలికి) 10 వోల్టులు కావాలి. ఆర్డుయినో ఇచ్చేది 5. తలుపు సగం తెరిచి బస్తా ఈడ్చినట్టుంటుంది. మీ మోటారు 3 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. మాస్‌ఫెట్ మీద ఒక్క వోల్టు మిగిలిపోయినా 3 వాట్ల వేడి. హీట్‌సింక్ లేని ఆ ప్యాకేజీలో వాటుకు సుమారు 60 డిగ్రీలు పెరుగుతుంది. అంటే గది వేడి మీద 180 డిగ్రీలు. ఇక బతికేదెక్కడ?

ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ పెట్టండి. పేరులో ఆ 'ఎల్' చూసే కొనండి. దుకాణంలో "రెండూ ఒకటే" అని ఐఆర్‌ఎఫ్‌జెడ్44 చేతిలో పెడతారు, ఒకటి కాదు. 5 వోల్టుల గేట్‌తో దీని నిరోధం 0.025 ఓం. 3 ఆంపియర్లకు పావు వాటు కూడా కాదు, మహా అయితే గోరువెచ్చగా ఉంటుంది. పిన్ నుంచి గేట్‌కు 220 ఓంలు, గేట్ నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓంలు పెట్టండి. ఆ రెండోది లేకపోతే ఆర్డుయినో మేలుకునేలోపు గేట్ గాల్లో ఉండి మోటారు తనంతట తను ఉలిక్కిపడుతుంది.

మోటారు టెర్మినళ్ల మీద డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) ఉందా? మీరు గీసిన సర్క్యూట్‌లో కనపడలేదు. మాస్‌ఫెట్ మూసుకున్న ప్రతిసారీ మోటారు చుట్టలో ఉన్న కరెంటుకు దారి దొరక్క వోల్టేజి ఎగదన్నుతుంది. 1ఎన్5822 షాట్కీ డయోడ్‌ను గీత ఉన్న చివర ప్లస్ వైపు వచ్చేలా, మోటారు దగ్గరే సాల్డర్ చేయండి. అందరి డబ్బాలోనూ ఉండే 1ఎన్4007 ఇక్కడ నెమ్మది, పైగా ఒక ఆంపియర్‌దే.

అన్నట్టు, నాబ్ తిప్పి వేగం మార్చడమే మీ పనయితే ఆర్డుయినో అక్కర్లేదు. 12 వోల్టుల డీసీ మోటారు స్పీడ్ కంట్రోలర్ అని నాబ్‌తో సహా రెడీమేడ్ బోర్డు దొరుకుతుంది. కండెకు అది చాలు. 5 ఆంపియర్లకు పైన ఉన్నది తీసుకోండి.

ప్రశ్న: మొక్కలకు నీళ్లు పోసే ప్రాజెక్టు. రిలేతో (కరెంటుతో పనిచేసే స్విచ్) 12 వోల్టుల చిన్న పంపు. పంపు ఆగినప్పుడల్లా ఎల్‌సీడీ మీద పిచ్చి అక్షరాలు వస్తున్నాయి.
- తొమ్మిదో తరగతి విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: పంపు ఆగే క్షణంలో రిలే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేస్తుంది, తిరిగేటప్పుడు మోటారు బ్రష్‌ల దగ్గర కూడా. ఆ అలజడి తీగల మీదుగా ఎల్‌సీడీ దాకా పాకుతోంది. పంపు రెండు తీగల మధ్య ఒక 1ఎన్4007 పెట్టండి, గీత ప్లస్ వైపు. ఇక్కడ అది చాలు, ఎందుకంటే రిలే సెకనుకు వందలసార్లు కొట్టుకోదు. తర్వాత మోటారు టెర్మినళ్ల మధ్య 104 అని రాసి ఉన్న సిరామిక్ కెపాసిటర్ ఒకటి. ఇంకా తగ్గకపోతే ఒక్కో టెర్మినల్ నుంచి మోటారు ఒంటికి మరొకటి. ఆ రేకు మీద సాల్డర్ అంటదు. ముందు గరుకు కాగితంతో మెరిసేదాకా గీకి, సాల్డరింగ్ ఐరన్ రెండు సెకన్లు ఎక్కువ ఆనించాలి. పంపు తీగలు రెంటినీ జడలా మెలిపెట్టి ఎల్‌సీడీ తీగలకు దూరంగా పోనివ్వండి. ఒక మాట: రెండువైపులా తిరిగే మోటారుకు మాత్రం ఇలా డయోడ్ పెట్టకూడదు. వెనక్కి తిప్పిన వెంటనే షార్ట్.

ప్రశ్న: జీడిపిక్కలు వేరుచేసే నమూనా యంత్రానికి 28బీవైజే-48 స్టెప్పర్ మోటారు (మెట్టు మెట్టుగా తిరిగేది), యూఎల్‌ఎన్2003 డ్రైవర్ బోర్డు. మోటారు వణుకుతోంది తప్ప తిరగట్లేదు.
- డిప్లొమా విద్యార్థి, పలాస

జవాబు: ప్రోగ్రామ్‌లో తప్పున్న ఆ ఒక్క ఉత్తరం ఇదే. ఆర్డుయినో స్టెప్పర్ లైబ్రరీకి (ముందే రాసి ఉన్న ప్రోగ్రామ్ ముక్కకు) పిన్నులు 8, 9, 10, 11 అని వరుసగా రాశారు. ఈ మోటారుకు 8, 10, 9, 11 అని రాయాలి. తీగలు కదపక్కర్లేదు. చుట్టుకు స్టెప్పులు 2048 పెట్టండి, వేగం నిమిషానికి 10 చుట్లు. 15 దాటిస్తే మళ్లీ వణుకుడే. ఇది బలమైన మోటారు కాదు, పిక్కలను దారి మళ్లించే చిన్న రేకు కదపడానికే వాడండి.

ప్రశ్న: మూడు ఎస్‌జీ90 సర్వోలతో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటార్లు) రోబో చెయ్యి. ఊరుకున్నా చెయ్యి వణుకుతోంది.
- ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మూడింటికీ ఆర్డుయినో 5 వోల్టుల పిన్ నుంచే ఇస్తున్నారు. బిగుసుకున్న సర్వో ఒక్కటే అర ఆంపియర్ దాటి లాగుతుంది, యూఎస్‌బీ నుంచి ఊనో ఇవ్వగలిగింది మొత్తం అంతే. పాత ఫోన్ చార్జర్, 5 వోల్టులు 2 ఆంపియర్లది తీసుకుని, సర్వోల ఎర్ర తీగలు దానికి ఇవ్వండి, గ్రౌండ్లు కలపండి, సర్వోల దగ్గర 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి. ప్రోగ్రామ్‌లో 0, 180 డిగ్రీలు వద్దు. లోపలి అడ్డుకు తగిలి ఊరికే గుంయ్‌మంటూ వేడెక్కుతుంది. 10 నుంచి 170 లోపలే తిప్పించండి.