గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చోవాలి?

ప్రశ్న (పొడుగు ఉత్తరాన్ని కుదించాం): వేసవి ఉత్సవాలకు ఊరూరా తిరిగి బొమ్మలు, టోపీలు, బెలూన్లు అమ్ముకుంటాం. సరుకు అరువు మీద తెచ్చాం, కొట్టు పెట్టుకునే చోటుకు అడ్వాన్స్ కట్టాం. తీరా ఇప్పుడు నా భార్య రానంటోంది. ఎండ పడదని సాకు. తమ్ముడు వస్తే అసలే రానంటోంది. ఆమెను ఎలా ఒప్పించాలి?

సలహా: ఒప్పించే చిట్కాలు నా దగ్గర లేవు, ఉన్నా చెప్పను. ఎండ సాకేనని మీరే అంటున్నారు కాబట్టి దాన్నీ వదిలేద్దాం. ఇంత పొడుగు ఉత్తరంలో తమ్ముడి గురించి రెండు ముక్కలు రాసి దాటేశారు. అసలు సంగతి అక్కడుంది.

సరుకు ఏరి కొనేది ఆమె. ఏ పెట్టెలో ఏముందో తెలిసింది ఆమెకే. పట్టా కట్టేటప్పుడు రెండో కొస పట్టుకునేదీ, మధ్యాహ్నం ఎండకు బెలూన్లు పేలిపోతుంటే నీడకు లాక్కునేదీ ఆమే. మీ తమ్ముడు సాయంత్రం జనం పెరిగాక వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చుంటాడు. ఎంత వచ్చిందని ఆమె అడిగితే ‘లెక్కలు నీకెందుకు వదినా’ అన్నాడట. మీరు నవ్వి ఊరుకున్నారట! ఇది మీరే రాశారు, పైగా సరదా కబురులా.

తమ్ముణ్ణి చూసుకోవాల్సిన బాధ్యత అన్నకు ఉంటుంది, కాదనను. నాన్నగారు పోయాక మరీను. కానీ దానికోసం భార్య పరువు తాకట్టు పెడతారా?

సరుకు బండికెక్కకముందే తమ్ముడితో మాట్లాడండి. విడిగా మాట్లాడండి, అతనికీ పరువుంటుంది. రోజుకూలీయో, లాభంలో వాటాయో ముందే తేల్చండి. గల్లాపెట్టె తాళం మాత్రం ఆమె చేతికి రావాలి. ప్రతి ఊళ్లోనూ బండి కిరాయి, చోటు అద్దె, తిండి ఖర్చు పోగా ఏం మిగిలిందో, ఎంత సరుకు వెనక్కి వచ్చిందో ఆమే నోటుబుక్కులో రాసుకుంటుంది. అరువిచ్చినవాడు గిరాకీ లేని ఊళ్ల సంగతి వినడు కదా, ఆ లెక్క మీకూ అవసరమే. తమ్ముడు అలిగితే అలగనివ్వండి.

అప్పటికీ ఆమె రానంటే ఈ సీజన్‌కి సరుకు తగ్గించి, కూలికి ఒకరిని పెట్టుకుని వెళ్లండి. వెళ్లాక రోజూ ఫోన్ చేసి ‘నువ్వు లేక ఎంత నష్టమో’ అని దెప్పకండి.