నీటిలోకి మునిగి మేత వెతికే బాతుల వేటలో, ఎరగా వాడే బొమ్మ బాతుల్ని పొడవాటి వరుసలో ఎందుకు వదులుతారు?

కారణం ఆ బాతుల స్వభావంలోనే ఉంది. మిన్నెసోటా లాంటి ఉత్తర అమెరికా ప్రాంతాల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో వలస వచ్చే స్కాప్, రెడ్‌హెడ్, కాన్వాస్‌బ్యాక్ బాతులు గట్టు పక్క గడ్డిలో కాకుండా సరస్సు నడిమధ్య పెద్ద గుంపులుగా తేలుతుంటాయి. నీటికి దగ్గరగా, చాలా వేగంగా ఎగురుతూ, కింద గుంపు కనిపిస్తే దాని వెంబడే వస్తాయి. తెలుపు, నలుపు బొమ్మల వరుస వాటికి దూరం నుంచే కనిపిస్తుంది. ఇలాంటి ఎర పిట్టను మన పాత వేటగాళ్ళు దీమం అనేవారు, ఎంత చక్కటి మాటో!

బాతులు గాలికి ఎదురుగా దిగుతాయి. అందుకే వరుస తోకను గాలి వెళ్ళే వైపుకు దూరంగా సాగదీసి, పడవ దగ్గర కొక్కెంలా వంచుతారు. ఆ వంపులో ఖాళీ నీరు వదలాలి, దిగడానికి వాటికి చోటు కావాలి కదా.

లోతు నీటిలో ఒక్కో బొమ్మకూ వేరే లంగరు వేయడం కష్టం. రెండు చివర్లా బరువు కట్టిన ఒకే పెద్ద తాడుకు, పొట్టి తాళ్ళతో బొమ్మల్ని తగిలిస్తారు. గడ్డకట్టే చలిలో, మొద్దుబారిన వేళ్ళతో తీసేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం లైఫ్ జాకెట్. అంత చల్లటి నీటిలో పడితే ఎంత ఈతగాడికైనా నిమిషాల్లో చేతులు పనిచేయవు. గాలి పెరిగితే వేట ఆపి వెంటనే ఒడ్డుకు వచ్చేయండి. సీసపు గుళ్ళు వాడకండి, అమెరికాలో నీటి పక్షుల వేటకు 1991 నుంచి అవి నిషేధం.