దిగులు పడ్డ పిల్లలంతా ఒకచోట చేరితే...

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఐదు నెలల కిందట మావారు రోడ్డు ప్రమాదంలో పోయారు. బాబు ఐదో తరగతి, పాప ఒకటో తరగతి. తలకొరివి బాబు చేతే పెట్టించారు. వాడు ఆ రోజు నుంచి ఇంతవరకూ ఏడవలేదు. నాన్న మాటెత్తితే లేచి బయటికి వెళ్లిపోతాడు. గుండుతో బడికెళితే ఎవరో ఏదో అన్నారట, ఆ పిల్లాణ్ని కొట్టి వచ్చాడు. పాపేమో సాయంత్రమైతే ‘నాన్న ఎప్పుడొస్తాడు?’ అంటుంది. దేవుడి దగ్గరికి వెళ్లారని చెప్పాను. అమెరికాలో ఉండే మా ఆడపడుచు, అక్కడ ఇలాంటి పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టే గ్రూపులు ఉంటాయంటోంది. దిగులు పడ్డ పిల్లలంతా ఒకచోట చేరితే దిగులు ఇంకా పెరగదా? మన దగ్గర అలాంటివి కుదురుతాయా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు పాప సంగతి. ఆ వయసు పిల్లలకు చావంటే తిరిగి రాకపోవడం అని ఇంకా పూర్తిగా తెలియదు. దేవుడి దగ్గరికి వెళ్లాడంటే, ఊరెళ్లినవాళ్లు వచ్చినట్టే వస్తాడని ఎదురు చూస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని, ‘నాన్న చనిపోయాడమ్మా. ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది. ఇక రాడు. ఇందులో నీ తప్పేమీ లేదు’ అని చెప్పండి. మళ్లీ అడుగుతుంది. మళ్లీ అదే మాట చెప్పండి. చెబుతూ మీకు ఏడుపొస్తే రానివ్వండి.

మీ ఆడపడుచు చెప్పింది నిజమే. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1982 నుంచి డగీ సెంటర్ నడుస్తోంది. డగీ బ్రెయిన్ ట్యూమర్‌తో పదమూడేళ్లకే పోయిన అబ్బాయి. జబ్బుతో ఉన్న తోటి పిల్లలకు వాడు తోడుగా నిలిచిన తీరు దగ్గరుండి చూసిన బెవర్లీ చాపెల్ అనే నర్సు ఆ సెంటర్ మొదలుపెట్టారు. అక్కడ పిల్లల్ని వయసును బట్టి, పోయింది ఎవరు, ఎలా పోయారు అన్నదాన్ని బట్టి గ్రూపులు చేస్తారు. అందరూ గుండ్రంగా కూర్చుని పేరు, ఇంట్లో ఎవరు పోయారో చెబుతారు. చెప్పాలని లేకపోతే ‘పాస్’ అంటే చాలు, ఎవరూ బలవంతపెట్టరు. తర్వాత ఆటలు. కోపం వచ్చిన పిల్లలు దెబ్బ తగలకుండా గుద్దుకోవడానికి, అరుచుకోవడానికి మెత్తలు వేసిన గది కూడా ఉంది. పిల్లలు లోపల ఉన్నంతసేపూ వాళ్ల పెద్దవాళ్లు వేరే గదిలో కలుసుకుంటారు. ఆ రెండో గదే లేకపోతే ఇది సగం పనే అంటాను నేను. ఇంటికి వెళ్లాక పిల్లాడు ఉండాల్సింది మీ దగ్గరే కదా!

దిగులు పెరుగుతుందేమోనన్న మీ భయానికి నేను కళ్లారా చూసిందే చెబుతాను. విజయవాడలో ఒక బడి గదిలో కొన్ని ఆదివారాలు మేం కొందరం ఇలాంటి పిల్లల్ని కూర్చోబెడుతున్నాం. ఒకసారి గుండు మీద టోపీ లాక్కుని కూర్చున్న కొత్త అబ్బాయి ఎవరితోనూ మాట్లాడలేదు. మట్టితో ఏదో చేస్తున్న ఇంకో పిల్లాడు తల ఎత్తకుండానే, ‘మా క్లాసులో కూడా నవ్వార్రా. దసరాకల్లా నాకు జుట్టు వచ్చేసింది’ అన్నాడు. కొత్తవాడు టోపీ తీయలేదు గానీ, జరిగి వాడి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ‘నువ్వే నిప్పు పెట్టావా?’ అని అడిగాడు. ‘ఊఁ. చెయ్యి వణికింది. మామయ్య పట్టుకున్నాడు’ అన్నాడు ఆ పిల్లాడు. ఆ ప్రశ్న వాడు మమ్మల్ని అడిగేవాడు కాదు, అడిగినా ఆ జవాబు మా దగ్గర లేదు. ఇద్దరూ తర్వాత వరండాలో క్రికెట్ ఆడుకున్నారు. పిల్లల దుఃఖం అంతే, వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. ఆడుకుంటున్నాడంటే నాన్నను మర్చిపోయాడని కాదు.

మీ బాబు ఏడవకపోవడం గురించి నాకో అనుమానం ఉంది. ఆ పన్నెండు రోజుల్లో ఎవరో ఒకరు వాడితో ‘ఇక ఇంటికి నువ్వే మగదిక్కురా, అమ్మను చూసుకోవాలి’ అనే ఉంటారు. మన ఇళ్లలో ఈ మాట అననివాళ్లు తక్కువ. ప్రేమతోనే అంటారు. కానీ పదేళ్లవాడు దాన్ని నిజంగానే మోస్తాడు. తాను ఏడిస్తే అమ్మ ఏమైపోతుందోనని బిగబట్టుకుంటాడు. ‘ఇల్లు నేను చూసుకుంటాను, నువ్వు చదువుకో, ఆడుకో’ అని మీ నోటితో చెప్పండి. పెద్దవాళ్లకు కూడా చెప్పి, ఆ మాట మళ్లీ అనకుండా చూడండి.

ఇక మన దగ్గర కుదురుతుందా అంటే, పెద్ద సంస్థే ఉండాలని లేదు. హెడ్మాస్టర్ గారిని కలవండి. అమ్మో నాన్నో పోయిన పిల్లలు ఆ బడిలో ఇంకొందరు ఉండే ఉంటారు. వాళ్ల ఇళ్లలో ఇష్టమేనా అని ఆయన ద్వారా అడిగించండి. రెండు మూడు కుటుంబాలు చాలు. నెలకు రెండు ఆదివారాలు బడి గదిలోనో, ఎవరి డాబా మీదో కలవండి. రంగులు, మట్టి, బంతి ఉంటే సరిపోతుంది. పిల్లల దగ్గర కూర్చునే టీచరుకి మాత్రం ఒక్కటి గట్టిగా చెప్పండి, నీతులూ సలహాలూ వద్దు. పిల్లాడు ‘నాన్న మీద కోపంగా ఉంది’ అంటే ‘తప్పు’ అనకూడదు. ‘కోపంగా ఉందా?’ అని అడిగి వినాలి. ఆ సమయంలో మీ తల్లులు పక్క గదిలో టీ పెట్టుకుని కూర్చోండి. ఫీజుల గురించి, అత్తగారింట్లో మారిన మాటల గురించి, రాత్రుళ్ల గురించి మాట్లాడుకోండి.

ఫీజుల మాట వచ్చింది కాబట్టి, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద ఇచ్చే స్పాన్సర్‌షిప్ గురించి అడగండి. భర్తను పోగొట్టుకుని, తక్కువ ఆదాయంతో పిల్లల్ని పెంచుతున్న తల్లులకు, అర్హతను బట్టి ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు.

బాబు తిండి, నిద్ర మానేసినా, ‘నేనూ నాన్న దగ్గరికి పోతాను’ అన్నా గ్రూపు కోసం ఆగకండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. మీకోసం చేసినా ఫర్వాలేదు.