పాపను ఎత్తుకుంటే బొటనవేలి దగ్గర మణికట్టు నొప్పి, ఎలా తగ్గుతుంది?

పాపకు మూడో నెల, ఎత్తుకున్నప్పుడల్లా బొటనవేలి వైపు మణికట్టు దగ్గర ప్రాణం పోయేంత నొప్పి, ఇంట్లోవాళ్లు బాలింత వాతం అంటున్నారు, కాల్షియం మాత్రలతో తగ్గుతుందా అని అడిగారు. మా పాప పుట్టాక నాకూ సరిగ్గా అక్కడే వచ్చింది. డాక్టరు రాసిన కాల్షియం మానకండి, కానీ ఈ నొప్పి దానితో తగ్గేది కాదు.

బొటనవేలిని కదిలించే రెండు టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) మణికట్టు పక్కన ఒక ఇరుకైన తొడుగులోంచి వెళ్తాయి. లంగా పట్టీలో బొందులాగా అందులో జారుతూ ఉండాలి. ఆ తొడుగు మందమైతే కదిలిన ప్రతిసారీ ఒరుసుకుని నొప్పి పుడుతుంది. 1895లో దీన్ని వివరించిన స్విట్జర్లాండ్ సర్జన్ పేరు మీద దీన్ని డి క్వెర్వెన్ అంటారు. బాలింతల్లో ఇదెంత మామూలంటే, ఎముకల డాక్టరు నా చెయ్యి చూడకముందే "పాప వయసెంత?" అని అడిగారు. తర్వాత బొటనవేలిని గుప్పిట్లో మూసి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచమన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎక్స్‌రే అవసరం పడలేదు.

ఒక ముఖ్య కారణం మనం ఎత్తుకునే తీరులో ఉంది. పాప చంకల కింద చేతులు పెట్టి, బొటనవేళ్లు బాగా చాచి పైకి లేపుతాం. బరువంతా ఆ రెండు టెండన్ల మీదే పడుతుంది, పైగా పాప రోజురోజుకూ బరువెక్కుతుంది. అందుకే అరచేతులు పైకి పెట్టి, ఒకటి పిరుదుల కింద, ఒకటి తలా భుజాల కింద జొనిపి, బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచి, ముందు గుండెకు దగ్గరగా లాక్కుని అప్పుడు లేవండి. మణికట్టు వంగకూడదు. పాలిచ్చేటప్పుడు ఒళ్లో దిండు పెట్టుకుంటే తల బరువు చేతి మీద పడదు. ఆ సమయంలో రెండో చేత్తో ఫోన్ తిప్పడం కూడా ఆపేయండి, ఆ పనిలోనూ కదిలేది బొటనవేలే.

మెడికల్ షాపులో మామూలు మణికట్టు బెల్టు ఇస్తారు, అది చాలదు. బొటనవేలిని కూడా కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ అడగండి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెట్టండి. నొప్పి ఉన్న చోట గట్టిగా మర్దన మాత్రం వద్దు. పాలిస్తున్నారు కాబట్టి నొప్పి మాత్రలు డాక్టరును అడిగే వేసుకోండి. పూత మందు రాస్తే చేయి కడుక్కున్నాకే పాపను ముట్టుకోండి.

కొన్ని వారాలకూ తగ్గకపోతే తొడుగులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. చాలామందికి దానితో తగ్గిపోతుంది, నాకూ తగ్గింది. సూది పడిన చోట చర్మం తెల్లబడొచ్చు, షుగరు ఉంటే కొన్ని రోజులు పెరగొచ్చు, అందుకే షుగరు ఉన్న సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. ఆపరేషన్ దాకా వెళ్లేది కొద్దిమందే.

రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతుంటే అది వేరే సమస్య కావచ్చు. మణికట్టు ఎర్రబడి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా ఆ రోజే చూపించుకోండి.

ఇంకొక్క మాట. డాక్టరు దగ్గరికి మీ ఆయననో అత్తగారినో వెంట తీసుకెళ్లండి. తడి గుడ్డలు పిండటం, పాపకు స్నానం చేయించడం కొన్నాళ్లు వేరేవాళ్లు చేయాలని డాక్టరు నోట వింటే, ఇంట్లో ఆ పనులు అడిగి చేయించుకునే అవస్థ మీకు ఉండదు.