ఎంత ఆడించినా బంతి వదలని లాబ్రడార్: సమాధానం

మీ రెండేళ్ల లాబ్రడార్ గంటసేపు బంతి వెంట పరుగెత్తి వచ్చాక కూడా పడుకోకుండా, బంతిని మళ్లీ మళ్లీ తెచ్చి ఒళ్లో పడేయడానికి కారణం ఆట చాలకపోవడం కాదు, బహుశా ఆట ఎక్కువై దాని ఉద్రేకం దిగకపోవడమే. వేటలో పడిన పక్షులను ఏరి తెచ్చే పనికి తీర్చిదిద్దిన జాతి కాబట్టి, ఒళ్లు అలసినా దాని ఆత్రం తీరదు.

1. ఆటను పది నిమిషాలకు కుదించి, ప్రతి విసురుకు ముందు కూర్చోబెట్టి ఆపండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆట ముగిసిందని దానికి స్పష్టంగా తెలియాలి. ప్రతిసారీ ఒకే స్వరంతో "అయిపోయింది" అని చెప్పి, అది చూస్తుండగానే బంతిని బీరువాలో పెట్టి, వెంటనే గడ్డిలో గుప్పెడు డాగ్ ఫుడ్ చల్లి, వాసన పట్టి వెతుక్కోనివ్వండి. అలా తల దించి వెతకడంలో అది నెమ్మదిస్తుంది. ఆ తర్వాత ఎంత మొరిగినా ఇంట్లో ఎవరూ బంతి తీయకూడదు. ఒక్కరు కరిగినా, మొరిగితే దొరుకుతుందని నేర్చుకుంటుంది. మొదట్లో గోల పెరగవచ్చు, దయచేసి ఓర్చుకోండి.

3. ఎండాకాలంలో తెల్లవారుజామునే ఆడించండి. బంతి కనిపిస్తే అది తనంతట తాను ఆగదు; విపరీతంగా రొప్పినా, అడుగు తడబడినా వెంటనే నీడకు చేర్చి, నీళ్లతో తడిపి, ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి.

టెన్నిస్ బంతి నూగు పళ్లను అరగదీస్తుంది కనుక, గొంతులో ఇరుక్కోనంత పెద్ద రబ్బరు బంతి వాడండి.