1989 నాటి లెక్క

ప్రశ్న: నాకు 62 ఏళ్ళు, బ్యాంకులో చేసి రిటైరయ్యాను. మావారికి 68. సైనిక్‌పురిలో సొంతిల్లు. వయసులో ఉండగా ఆయనకి రెండు పిచ్చులు. ఒకటి, ఇంజను విప్పించి పదును పెట్టించుకున్న పాత ఫియట్‌తో మద్రాసు దగ్గర షోలవరం రేసులకి వెళ్ళడం. రెండోది, హుస్సేన్‌సాగర్‌లో చిన్న తెరచాప పడవల పోటీలు. 1989లో ఇంటి స్థలానికి అడ్వాన్సు కోసం ఆ కారు అమ్మేశారు. (నాకు ఆఫీసరుగా ప్రమోషనొచ్చి ఆదిలాబాద్ వెళ్ళమంటే వద్దన్నదీ ఆ ఏడాదే.) రిటైరైన దగ్గర్నుంచీ ఇవే కథలు. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ చల్లారేలోపు షోలవరం చేరిపోతారు. చివర్లో నావైపు చూసి, "సంసారం అన్నాక తప్పుతుందా, అమ్మేశాను" అంటారు. ఆ కథల్లో నేనెక్కడా ఉండను, ఆ ఆఖరి ముక్కలో తప్ప. పోయిన నెల తొమ్మిదేళ్ళ మనవణ్ణి ఎక్కించుకుని ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద గంటకి 148 కిలోమీటర్లు కొట్టారు. వాడు ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు. కోడలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు కోయంబత్తూరులో ఎవరి దగ్గరో అలాంటి ఫియట్టే ఉందట, అయిదున్నర లక్షలట, ఎఫ్‌డీ తీద్దామంటున్నారు. నేను వద్దన్నాను. మూడు రోజులుగా అన్నం దగ్గర మాటల్లేవు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద విషయాన్ని మీరు బ్రాకెట్లలో పెట్టారు. దానికి వస్తాను. ముందు ఓఆర్ఆర్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందులో ఆలోచించాల్సిందేమీ లేదు.

అక్కడ కార్లకి పరిమితి 120. గంటకి 148 అంటే సెకనుకి 41 మీటర్లు. ముందు లారీ బ్రేకు వేసిందని కన్ను చూసి, కాలు కదిలేలోపే అంత దూరం పోతుంది. ఆ ఒక్క సెకను ముప్పై ఏళ్ళప్పుడు కాస్త తక్కువ, అరవై ఎనిమిదికి కాస్త ఎక్కువ. డ్రైవింగ్ ఎంత బాగా వచ్చినా దీన్ని మార్చలేదు. "నాన్నా, ఇంకోసారి ఇలా జరిగితే బాబు మీ కారెక్కడు" అని మీ అబ్బాయి చెప్పాలి. మీరు కాదు, కోడలు అసలే కాదు. గొంతు పెంచకుండా, ఒక్కసారే. అలాగే ఆయన కళ్ళు ఒకసారి చూపించండి. యాభై అయిదు దాటాక లైసెన్సు అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, దానికి మెడికల్ సర్టిఫికెట్ కావాలి. మనిషిని చూడకుండానే సంతకం పెట్టేసిన కాగితం కాకుండా, నిజంగా పరీక్ష చేయించండి. ఇది అవమానంగా తోచకూడదనుకుంటే మీరూ వెంట వెళ్ళి చేయించుకోండి.

ఇక కథల సంగతి. షోలవరం నేనూ ఒకసారి చూశాను, మా అన్నయ్య బలవంతం మీద. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే. ఫిబ్రవరిలో అక్కడ రేసులు పెట్టేవాళ్ళు. నీడన్నది లేదు, దుమ్ము, జనం. చెవులు రెండు రోజులు గుయ్‌మన్నాయి. నాకు గుర్తున్నది ఒక వాసన. అప్పట్లో రేసు బళ్ళ ఇంజన్లకి ఆముదంతో చేసిన ఆయిల్ పోసేవాళ్ళు. అది కాలిన వాసన గాలంతా నిండి ఉండేది. పెళ్ళైన కొత్తలో మీవారి చొక్కాలకి ఆ వాసన ఉండే ఉంటుంది, ఉతికింది మీరే కాబట్టి ఆయన కంటే మీకే బాగా గుర్తుండాలి. అంటే ఆ కథల్లో మీరు లేకపోవడం కాదు, ఆయన మిమ్మల్ని చేర్చకుండా చెబుతున్నారు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చింది, షోలవరం రోజులు ముగిశాయి. మీవారు కారు అమ్మింది 1989లో. ఆ రన్‌వే మీద ఆయన ఆట ఎలాగూ ఆఖరి అంకంలో ఉంది. ఇది ఆయనకి తెలియని విషయం కాదు. కానీ "కాలం మారిపోయింది" అనడం కంటే "సంసారం కోసం వదిలేశాను" అనడంలో కాస్త గౌరవం ఉంటుంది. రిటైరై, ఎవరూ ఏ పనికీ పిలవని రోజుల్లో మనిషికి ఆ గౌరవం అవసరపడుతుంది. అందుకు నేను ఆయన్ని తప్పు పట్టను.

తప్పు పట్టేది ఆ ఆఖరి చూపుని. తీపి జ్ఞాపకం చెప్పి, చివర బిల్లు మీ చేతిలో పెడుతున్నారు. ఎన్నేళ్ళుగానో మీరు ఆ బిల్లు మాట్లాడకుండా తీసుకుంటున్నారు. మరి ఆదిలాబాద్ సంగతి ఎప్పుడైనా ఎవరితోనైనా చెప్పారా? ఆ ఏడాది మీ ఇంట్లో వదులుకున్నవి రెండు. ఒకదానికి కథ ఉంది, ఫొటోలు ఉన్నాయేమో, వినడానికి అతిథులు ఉన్నారు. రెండోదానికి బ్రాకెట్లు ఉన్నాయి. మీకు కోపం ఫియట్ మీద కాదనీ, అయిదున్నర లక్షల మీద కూడా కాదనీ నా అనుమానం.

కాబట్టి ఎఫ్‌డీ మాట పక్కన పెట్టి ముందు 1989 లెక్క చూసుకోండి. అతిథుల ముందు ఎదురు సమాధానంగా వద్దు, అది పరువుల పోట్లాట అవుతుంది. ఇద్దరే ఉన్నప్పుడు, "మీరు కారు అమ్మిన ఏడాదే నేను ప్రమోషను కాదన్నాను, గుర్తుందా?" అని అడగండి. గుర్తు లేదనే అంటారు, అందుకు సిద్ధంగా ఉండండి. అక్కడ ఏడుపొస్తే ఏడవండి గానీ లేచి వంటింట్లోకి వెళ్ళిపోకండి. మొత్తం చెప్పండి. ఆర్డరు కాగితం ఎవరు తెచ్చిచ్చారు, మీ అబ్బాయికి అప్పుడెన్నేళ్ళు, వద్దని రాసిచ్చి బస్సెక్కాక ఏమనిపించింది. ఆయన పందెం కథలు చెప్పినంత వివరంగా.

పడవల గురించి ఒక మాట. కారు రేసు ఒంటరి ఆట. పడవ కాదు. ఆ రోజుల్లో ఎక్కువగా నడిచిన ఎంటర్‌ప్రైజ్ రకం పడవ పదమూడడుగుల పైచిలుకు, నీలం తెరచాపలు, ఇద్దరు మనుషులు. ఒకరు చుక్కానీ, పెద్ద తెరచాపా చూస్తే, రెండో మనిషి ముందు తెరచాప తాడు పట్టుకుని, గాలికి పడవ ఒరిగినప్పుడల్లా పాదాలు పట్టీ కింద దూర్చి, నడుము నీళ్ళ మీదికి వేలాడేసి బరువు సరిచేస్తాడు. వాడు అరక్షణం ఆలస్యం చేస్తే ఇద్దరూ హుస్సేన్‌సాగర్‌ నీళ్ళలో ఉంటారు. ఆ నీళ్ళు ఎలాంటివో మీకు చెప్పక్కర్లేదు! బుద్ధుడి విగ్రహం ఇంకా రాని ఆ రోజుల్లో మీవారితో ఆ రెండో మనిషి ఎవరో అడిగారా? ఇప్పుడెక్కడున్నాడు, ఉన్నాడా? అతని గురించి అడిగితే ఆయన వేరే గొంతుతో మాట్లాడతారని నాకనిపిస్తోంది. వానాకాలంలో, జూలై ప్రాంతంలో, ఇప్పటికీ ఆ చెరువులో పోటీలు జరుగుతాయి. మనవణ్ణి తీసుకుని ముగ్గురూ వెళ్ళండి. తొమ్మిదేళ్ళు పడవ నేర్చుకోవడానికి మంచి వయసు, ఒంటికి లైఫ్ జాకెట్, పక్కన రెస్క్యూ బోటు ఉంటాయి. తాతగారి గొప్ప 148లో కాకుండా అక్కడ కనబడితే కోడలికీ అభ్యంతరం ఉండదు.

ఆ లెక్క తేలాక కూడా ఫియట్ కావాలంటే అప్పుడు చూద్దాం. ఆస్పత్రి ఖర్చులకి పెట్టుకున్న ఎఫ్‌డీ అయితే ముట్టుకోవద్దు. వేరేదైతే, తమిళనాడు బండిని తెలంగాణకి మార్చాలంటే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడి రోడ్ టాక్సు ఉంటాయి. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. విడిభాగాల వేట సరేసరి. అయిదున్నర దగ్గర ఆగదన్నమాట. ఇవన్నీ తెలిసీ ఇద్దరికీ ఇష్టమైతే, కలిసి కోయంబత్తూరు వెళ్ళి చూసి రండి. బేరం మాత్రం మీరాడండి. బండి చూడగానే ఆయన మొహంలో ధర కనబడిపోతుంది. మీరు ముప్పై ఏళ్ళు కౌంటరవతల మనుషుల మొహాలు చూసినవారు.