పళ్ల తోటకు వెళ్తే కిరాణా ఖర్చు తగ్గుతుందా?

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. ఇద్దరు పిల్లలు. జూన్ నుంచి అక్టోబర్ దాకా వీలైనప్పుడల్లా, మనమే కోసుకునే పళ్ల తోటలకు వెళ్తాం. కిరాణా ఎలాగూ కొనాలి కదా అని ఆ ఖర్చును అందులోనే రాస్తున్నాం. కిందటేడు పది ట్రిప్పులకు 1,300 డాలర్లయింది. సెప్టెంబర్‌లో ఒక్క ఆపిల్ తోటకే టికెట్లు 32, అర బుషెల్ సంచి 45, డోనట్లు, లంచ్ కలిపి 48, కారుకి గ్యాస్ 10. క్రెడిట్ కార్డు మీద 24 శాతం వడ్డీతో 2,200 బాకీ ఉంది. ఈ తోటలు మానేయాలా?

జవాబు: మానేయక్కర్లేదు. పద్దు మార్చండి చాలు. అర బుషెల్ ఆపిల్స్ దాదాపు 20 పౌండ్లు తూగుతాయి. సంచి ధర ఒక్కటే చూస్తే పౌండు 2.25 డాలర్లు, బాగానే ఉందనిపిస్తుంది. టికెట్లు కలిపితే 3.85. మొత్తం 135 కలిపితే 6.75. పైగా 20 పౌండ్లు మీ ఇంట్లో చెల్లుతాయా? మామూలుగా ఎనిమిది పౌండ్లు తినేవారైతే, దుకాణంలో పౌండు 2 డాలర్ల లెక్కన వాటి విలువ 16. కిరాణాలో రాయాల్సింది ఆ 16 మాత్రమే. మిగతా 119 పిల్లల సరదా ఖర్చు. అది తప్పు ఖర్చేమీ కాదు, కానీ కిరాణాలో దాక్కుంటే ఎంతయిందో తెలియదు.

ఇలా చేయండి. జూన్ మొదట్లో స్ట్రాబెర్రీ, జులైలో బ్లూబెర్రీ, ఆగస్టులో పీచ్, సెప్టెంబర్ చివర్లో ఆపిల్. నాలుగే ట్రిప్పులు, ఒక్కోదానికి 100 డాలర్ల హద్దు. దీనికోసం నెలకు 35 చొప్పున వేరే సేవింగ్స్ ఖాతాలోకి ఆటోమేటిగ్గా వెళ్లేలా పెట్టండి. ఏడాదికి 420 అవుతుంది. మిగిలే 880 కార్డు బాకీకి కట్టండి. ఆ బాకీ మీద ఇప్పుడు నెలకు 44 డాలర్ల వడ్డీ పోతోంది. అంటే తోటలకు నేను చెప్పిన నెల మొత్తం కంటే ఎక్కువ! అందుకే 880 చేతికొచ్చేదాకా ఆగకండి, ఏ వారం ట్రిప్పు మానితే ఆ వారమే కట్టేయండి.

నూరు డాలర్ల హద్దులో ఉండాలంటే ముందు పులిహోర డబ్బా కట్టుకెళ్లండి, బయటి తిండి తేవడానికి అనుమతి ఉందో లేదో కనుక్కుని. రెండోది సంచి సైజు. సంచి లెక్కన అమ్మే చోట నిండినా సగమైనా ధర ఒకటే కాబట్టి, ఆశకొద్దీ కుక్కి కుక్కి నింపుతాం. మీకు పెక్, అంటే సుమారు పది పౌండ్ల సంచి సరిపోతుంది. ఇంటికొచ్చాక ఆపిల్స్‌ను ఫ్రిజ్‌లో పెట్టండి, బయట పెడితే త్వరగా మెత్తబడతాయి. గోంగూర, తోటకూర ఉన్న అరలో మాత్రం వద్దు. ఆపిల్స్ నుంచి వచ్చే ఎథిలీన్ అనే వాయువుకు ఆకుకూరలు పసుపెక్కిపోతాయి.

నిజంగా డబ్బు మిగిలే అవకాశం ఉన్నది బ్లూబెర్రీలో. టికెట్ లేకుండా తూకానికి అమ్మే తోట దగ్గర్లో ఉంటే అక్కడ ఎక్కువే కోయండి. కడగకుండా ట్రేలో ఒకే వరుసగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక కవర్లలోకి మార్చండి. ముందే కడిగితే తొక్క గట్టిపడుతుంది, పళ్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్ట్రాబెర్రీకి ఈ లెక్క పనికిరాదు. లోతైన బకెట్లో పోస్తే అడుగున ఉన్నవి నలిగిపోతాయి, బాగున్నవి కూడా ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులే. తినగలిగినన్నే కోయండి.

మిగతా వారాంతాల్లో దగ్గర్లోని ఫార్మర్స్ మార్కెట్ చాలు, టికెట్ ఉండదు. మన రైతు బజార్లో ఆ రోజు ధర బోర్డు మీద రాసి ఉంటుంది. ఇక్కడ ఎవరి ధర వారిదే. కొనకుండా ఓ చుట్టు తిరిగి రండి. అరటిపళ్లు, మామిడిపళ్లు కూడా అమ్ముతున్న బల్ల దగ్గర మిగతావి ఎక్కడ పండాయో అడగండి, న్యూజెర్సీ పొలంలో అవి కాయవు. ఆగస్టులో 'సెకండ్స్' పేరుతో దెబ్బతిన్న టమాటాలు చౌకగా ఇస్తారు. చారుకి, గుజ్జు చేసి ఫ్రీజర్లో పెట్టుకోవడానికి బాగుంటాయి. నిల్వ పచ్చడికి మాత్రం వద్దు, దెబ్బ తగిలిన కాయ ఒక్కటి కలిసినా బూజు పట్టొచ్చు.

చివరగా టికెట్ల సంగతి. ఆన్‌లైన్‌లో ముందే కొనేటప్పుడు, వాన పడితే వేరే రోజుకు మారుస్తారో లేదో చదవండి. టికెట్ డబ్బును పళ్ల ధరలోంచి తగ్గిస్తారా, విడిగానే తీసుకుంటారా అన్నదీ చూడండి. బయల్దేరే రోజు పొద్దున్నే తోటకు ఫోన్ చేయండి. శనివారం జనం ఊడ్చేసిన తోటలో ఆదివారం చెట్టు పైకొమ్మల్లో తప్ప కాయ మిగలదు.